బొమ్మకు టోపీ, జడకు మల్లెదండ: ఉప్పుగాలిలో నిలిచే చిన్న క్రోషే అల్లికలు

సంక్రాంతి కొలువులో మెట్ల మీద కూర్చునే బొమ్మకు ఒక టోపీ, ఏటికొప్పాక చెక్కబొమ్మ రాజుగారి భుజాన ఎర్రంచు కండువా, ఇంట్లో పాపాయి జడకు వాడిపోని మల్లెదండ, అమ్మాయి చెవులకు తేలికపాటి లేసు కమ్మలు. అన్నీ మొనకు కొక్కెం ఉన్న క్రోషే సూదితో, నాలుగైదు రకాల కుట్లతో అయిపోయే పనులే. ఒక్కోదానికి గుప్పెడు దారం చాలు. అయినా చాలామంది తొలి ప్రయత్నంలో టోపీ గిన్నెలా ముడుచుకుపోయిందనో, కండువా మూడు మూలల రుమాలైందనో వదిలేస్తారు. చెయ్యి రాకపోవడం కాదు కారణం. కొలవకుండా మొదలుపెట్టడం, లెక్కపెట్టకుండా అల్లడం. దుప్పటి అల్లితే రెండు కుట్లు ఎక్కువైనా ఎవరికీ కనబడదు. 48 కుట్ల టోపీలో రెండు కుట్లు తేడా వస్తే టోపీ తలకు పట్టదు. అందుకే ఇక్కడ ప్రతి వస్తువుకూ ముందు కొలత, తర్వాత లెక్క, ఆ తర్వాతే అల్లిక.

దారం, సూది

విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఉంటుంది. చేతులు చెమటపడతాయి. ఆక్రిలిక్ ఉన్ని ఆ చెమటకు సూదికి అంటుకుని కీచుమంటూ జారదు, మెడకు చెవికి తగిలితే దురద పెడుతుంది. అందుకని ఈ పనులన్నిటికీ కాటన్ దారమే తీసుకోండి. రెండు రకాలు చాలు.

బొమ్మల టోపీ, మల్లెదండ, రబ్బరు బ్యాండులకు 4 ప్లై కాటన్, 2.5 మి.మీ. అల్యూమినియం సూది. మల్లెదండకు మాత్రం 2 మి.మీ. సూది మేలు. కమ్మలకు, చిన్న చెక్కబొమ్మల కండువాలకు 20 నంబరు లేసు దారం, 1.25 మి.మీ. స్టీలు సూది. పూర్ణా మార్కెట్, జగదాంబ సెంటరు, గాజువాక వైపు టైలరింగ్ సామాన్లు, ఫ్యాన్సీ సామాన్లు అమ్మే కొట్లలో "క్రోషే దారం" అన్నా "లేసు దారం" అన్నా ఇస్తారు. నరసాపురం లేసు పుణ్యమా అని ఆ రెండో పేరు కోస్తాలో అందరికీ తెలుసు. దారం కొనేటప్పుడు ఉండ మీద లాట్ నంబరు చూడండి. రెండు ఉండలు తీసుకుంటే రెంటికీ ఒకే నంబరు ఉండాలి. లేకపోతే తెలుపులో కూడా రెండు ఛాయలు వస్తాయి.

ఇవి కాక మొన మొద్దుగా ఉన్న కుట్టుసూది, చిన్న కత్తెర, టేపు, గుర్తుకు పెట్టుకోవడానికి వేరే రంగు దారపు ముక్కలు. గుర్తు కోసం పిన్నీసు వాడే అలవాటు చాలామందికి ఉంది. మన ఊళ్లో అది మానుకోవాలి. ఉప్పుగాలికి పిన్నీసు నాలుగు రోజుల్లో తుప్పుపడుతుంది, ఆ తుప్పు మరక తెల్ల కాటన్ నుంచి ఓ పట్టాన పోదు. స్టీలు సూదికీ అదే బాధ. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన మూతడబ్బాలో పెట్టండి. సూది చెమటకు జారకుండా మొరాయిస్తే కొంచెం టాల్కం పౌడరు రుద్ది గుడ్డతో తుడిస్తే మళ్లీ నునుపుగా నడుస్తుంది.

ఎరుపు, నీలం, మెరూన్ దారాలకు ఒక పరీక్ష తప్పనిసరి. మూర పొడవు ముక్కను తడిపి తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా పిండండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారాన్ని తెలుపు పక్కన వాడకూడదు. అల్లడం అయ్యాక రంగు దిగితే చేసేదేం లేదు.

కుట్ల పేర్ల దగ్గర ఒక జాగ్రత్త

బ్రిటిష్ పద్ధతి పుస్తకాల్లో "డబుల్ క్రోషే" అన్నదాన్నే అమెరికా పద్ధతిలో "సింగిల్ క్రోషే" అంటారు. యూట్యూబులో కనిపించేవి ఎక్కువగా అమెరికా పేర్లు, ఇంట్లో ఉండే పాత అల్లికల పుస్తకాల్లోవి ఎక్కువగా బ్రిటిష్ పేర్లు. రెండూ కలిపి చదివితే టోపీ ఎత్తు రెట్టింపవుతుంది. ఇక్కడ వాడిన పేర్లకు అర్థం ఇది:

గొలుసు: సూది మీద దారం చుట్టి, ఉన్న లూపులోంచి లాగడం.
సింగిల్: కుట్టులో సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు లూపులుంటాయి. దారం చుట్టి రెంటిలోంచీ ఒకేసారి లాగాలి.
డబుల్: ముందే సూదికి దారం ఒకసారి చుట్టి గుచ్చాలి. దారం లాగితే మూడు లూపులు. దారం చుట్టి రెండిట్లోంచి, మళ్లీ చుట్టి మిగతా రెండిట్లోంచి లాగాలి.
స్లిప్: గుచ్చి, దారం చుట్టి, ఉన్నవాటన్నిట్లోంచీ ఒకే లాగుడు. కలపడానికే తప్ప ఎత్తు ఇవ్వదు.
పెంపు: ఒకే కుట్టులో రెండు సింగిల్స్ వేయడం.

ప్రతి కుట్టు తలమీద ఇంగ్లీషు వి అక్షరంలా రెండు దారాలు కనబడతాయి. సూది ఆ రెంటి కిందనుంచీ పోవాలి. కొత్తవాళ్లు ఒక్క దారం కిందనుంచే గుచ్చుతారు. అల్లిక పొడుగ్గా సాగి చిల్లులు చిల్లులుగా కనిపిస్తుంటే అదే కారణం.

బొమ్మ టోపీ

అన్నిటికంటే ముందు ఇదే నేర్చుకోవాలి. గుండ్రంగా అల్లడం, లెక్క, కొలత మూడూ ఇందులోనే వస్తాయి. ఇది వచ్చాక పిల్లి బొమ్మకైనా టెడ్డీకైనా మీరే లెక్క కట్టుకోగలరు.

మొదట బొమ్మ తల చుట్టుకొలత తీయండి. చెవుల పైనుంచి, నుదుటి మీదుగా. మన ఉదాహరణలో 19 సెం.మీ. అనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 6. అందులోంచి అర సెంటీమీటరు తీసేస్తే 5.5 సెం.మీ. టోపీ నడినెత్తి బిళ్ల అంత వెడల్పు అయ్యేదాకా కుట్లు పెంచుకుంటూ పోవాలి, ఆ తర్వాత పెంచకుండా నేరుగా కిందికి దిగాలి. ఆ అర సెంటీమీటరు ఎందుకు తీస్తామంటే అల్లిక కొంచెం సాగుతుంది. సరిగ్గా తలంత అల్లితే వారం తిరక్కుండానే వదులై కళ్ల మీదికి జారుతుంది.

రెండో కొలత నడినెత్తి నుంచి చెవి మధ్య దాకా. ఈ బొమ్మకు 6 సెం.మీ. అనుకుందాం.

4 ప్లై దారం, 2.5 మి.మీ. సూదితో మామూలు బిగువున అల్లితే 10 సెం.మీ.కు సుమారు 26 సింగిల్స్ వస్తాయి. అంటే ఒక్కో కుట్టు 0.38 సెం.మీ. 48 కుట్లైతే 18.2 సెం.మీ. తల 19. కొంచెం సాగి చక్కగా పట్టుకుంటుంది. మీ చెయ్యి బిగువు వేరుగా ఉండొచ్చు. నాలుగో చుట్టు అయ్యాక ఆగి బిళ్ల వెడల్పు కొలవండి. 2.9 సెం.మీ. దరిదాపుల్లో ఉండాలి. 2.5 మాత్రమే ఉంటే సూది 3 మి.మీ.కు మార్చండి. 3.3 దాటితే 2.25కు దిగండి. అల్లినది విప్పడానికి మనసొప్పదు గానీ నాలుగు చుట్లు విప్పడం పది నిమిషాల పని, పదిహేడు చుట్లు విప్పడం ఒక సాయంత్రం పని.

మొదలు మేజిక్ రింగుతో. చూపుడువేలికి దారం ఒక చుట్టు చుట్టి, కొస 10 సెం.మీ. వదలండి. చుట్టు కిందనుంచి సూది దూర్చి ఉండవైపు దారాన్ని లాగి ఒక గొలుసు వేస్తే రింగు నిలుస్తుంది. కుట్లన్నీ ఆ రింగులోకి, కొస దారం మీదుగా వేసి, చివర కొస లాగితే మధ్య చిల్లు మూసుకుపోతుంది. రింగు రానివాళ్లు రెండు గొలుసులు వేసి మొదటి గొలుసులో ఆరు సింగిల్స్ వేసుకోవచ్చు. చిన్న చిల్లు మిగులుతుంది, టోపీకి బొంగరం లాంటి ముడి పెడితే కనబడదు.

చుట్టు 1: రింగులో 6 సింగిల్స్. (6)
చుట్టు 2: ప్రతి కుట్టులో పెంపు. (12)
చుట్టు 3: 1 సింగిల్, పెంపు, ఇలా 6 సార్లు. (18)
చుట్టు 4: 1 సింగిల్, పెంపు, 1 సింగిల్, 6 సార్లు. (24)
చుట్టు 5: 3 సింగిల్స్, పెంపు, 6 సార్లు. (30)
చుట్టు 6: 2 సింగిల్స్, పెంపు, 2 సింగిల్స్, 6 సార్లు. (36)
చుట్టు 7: 5 సింగిల్స్, పెంపు, 6 సార్లు. (42)
చుట్టు 8: 3 సింగిల్స్, పెంపు, 3 సింగిల్స్, 6 సార్లు. (48)
చుట్టు 9 నుంచి 17: పెంపు లేకుండా ఒక్కో చుట్టుకు 48.

సరి సంఖ్య చుట్లలో పెంపును మధ్యకు జరిపింది ఊరికే కాదు. ప్రతి చుట్టులోనూ పెంపు ఒకదాని మీద ఒకటి పడితే బిళ్ల గుండ్రంగా రాదు, ఆరు మూలల బిళ్లలా తయారవుతుంది. అటూ ఇటూ జరిపితే మూలలు కరిగిపోతాయి.

చుట్టు చుట్టుకూ స్లిప్ వేసి కలపకుండా శంఖంలా చుట్టుకుంటూ పోండి. అతుకు గీత రాదు. దానికి బదులు ప్రతి చుట్టు మొదటి కుట్టులో రంగుదారం ముక్క పెట్టి, చుట్టు మారినప్పుడల్లా పైకి జరపాలి. ఈ గుర్తు పెట్టకపోతే లెక్క తప్పడం ఖాయం.

పద్నాలుగో చుట్టు దగ్గర ఒకసారి బొమ్మకు పెట్టి చూడండి. చెవులు నిలువుగా ఉన్న టెడ్డీకైతే పదమూడో చుట్టులో చెవి వచ్చే చోట 8 గొలుసులు వేసి కింద 8 కుట్లు వదిలేయండి. అవతలి పక్క కూడా అంతే. తర్వాతి చుట్టులో ఆ గొలుసుల మీద ఎనిమిదేసి సింగిల్స్ వేస్తే మళ్లీ 48 సరిపోతుంది, చెవులకు గుమ్మాలూ దొరుకుతాయి.

చివర ఒక స్లిప్ వేసి, దారం 15 సెం.మీ. వదిలి కత్తిరించండి. మొద్దు సూదికి ఎక్కించి లోపలివైపు ఒక దిక్కున ఐదారు కుట్లలోంచి, వెనక్కి తిప్పి మూడు కుట్లలోంచి పోనివ్వాలి. కాటన్ నునుపు దారం, ఒకే దిక్కున దాస్తే బయటికొచ్చేస్తుంది. మొత్తం టోపీకి సుమారు 650 కుట్లు, 20 మీటర్ల లోపు దారం పడుతుంది. 50 గ్రాముల ఉండలో అరడజను టోపీలు సులువుగా వస్తాయి.

ఇక తప్పులు. బిళ్ల అంచులు అలల్లా లేస్తే పెంపులు ఎక్కువ పడ్డాయి. చుట్టు 5 అయ్యాక 30 ఉన్నాయా, 33 ఉన్నాయా లెక్కపెట్టండి. నాలుగో చుట్టుకే గిన్నెలా మునిగిపోతుంటే పెంపు మరిచిపోయారు, లేదా చెయ్యి మరీ బిగువు. కుట్లు సరిగ్గానే ఉన్నా టోపీ గరుగ్గా కనిపిస్తుంటే లోపలి వైపు బయట పెట్టారన్నమాట. వి అక్షరాల వరసలు కనిపించేది బయటివైపు, అడ్డగీతలు కనిపించేది లోపలివైపు. కుడిచేతివాళ్లు అల్లేటప్పుడు పని చుట్టూ అపసవ్యంగా తిరిగితే మంచివైపు ఎదురుగా ఉన్నట్టు.

చెక్కబొమ్మకు కండువా

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో, తిరిగే మర మీద లక్క రంగులు పట్టించి చేసేవి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు 2022 దాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్క సంగతి ఇక్కడ ఎందుకంటే, అల్లిన వస్తువును ఆ బొమ్మకు వేడి జిగురు తుపాకీతో అతికిస్తే లక్క మెత్తబడి మచ్చ పడుతుంది. లక్క పట్టించేదే వేడితో కదా. స్పిరిట్ తగిలినా కరుగుతుంది కాబట్టి శానిటైజరుతో తుడవకూడదు. కండువా, దండ ఏదైనా బొమ్మ మెడ చుట్టూ వేసి వెనక రెండు కుట్లతో కలిపేయాలి, అంతే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు.

15 సెం.మీ. పొడవు బొమ్మకు 20 సెం.మీ. కండువా సరిపోతుంది. 20 నంబరు తెల్ల దారం, 1.25 సూది. కండువాను అడ్డంగా కాకుండా పొడవునా అల్లండి, అప్పుడే అంచు గీత పొడవునా సాగుతుంది. 1.5 మి.మీ. సూదితో 122 గొలుసులు వేసి, ఆ తర్వాత 1.25కు మారండి. గొలుసు కూడా సన్న సూదితోనే వేస్తే ఒక అంచు బిగిసి కండువా విల్లులా వంగుతుంది.

మొదటి వరస: సూది నుంచి నాలుగో గొలుసులో డబుల్, అక్కడి నుంచి చివరిదాకా ఒక్కో గొలుసులో ఒక్కో డబుల్. వదిలిన మూడు గొలుసులు ఒక కుట్టు కింద లెక్క. మొత్తం 120. తిప్పి, 3 గొలుసులు వేసి, రెండో కుట్టు నుంచి డబుల్స్. ఇలా మూడు వరసలు. ప్రతి వరస చివరా కింది వరస మొదట్లో వేసిన మూడు గొలుసుల తలమీద కూడా ఒక డబుల్ పడాలి. అది మరిస్తే వరసకో కుట్టు తగ్గి కండువా కాస్తా త్రికోణమవుతుంది. వరస తిప్పే ముందు 120 ఉన్నాయో లేదో చూసుకోవడం కంటే మంచి మందు లేదు.

ఆ తర్వాత ఎర్ర దారంతో పై అంచున ఒక వరస, కింది అంచున ఒక వరస సింగిల్స్. కొసలకు నాలుగేసి దారపు పోగులు కట్టి 8 మి.మీ.కు కత్తిరిస్తే కుచ్చులు వస్తాయి. ఒకటిన్నర సెంటీమీటరు లోపు వెడల్పుండే కండువా ఇది. సింగిల్స్‌తో మొత్తం అల్లితే అట్టముక్కలా నిలబడుతుంది, డబుల్స్ అయితేనే భుజం మీద పడి ఒదుగుతుంది.

మల్లెదండ

బొమ్మకూ మనకూ ఇద్దరికీ పనికొచ్చేది ఇది. కొలువులో కృష్ణుడి బొమ్మ మెడలో వేయొచ్చు, రెండు పేటలు కలిపి జడలో పెట్టుకోవచ్చు. తెలుపు 4 ప్లై, 2 మి.మీ. సూది.

3 గొలుసులు వేయండి. సూది మీది లూపును ఒక సెంటీమీటరు పైకి సాగదీయండి. దారం చుట్టి, సూది నుంచి మూడో గొలుసులో గుచ్చి, లాగిన లూపును కూడా సెంటీమీటరు సాగదీయండి. ఇలా అదే గొలుసులో మొత్తం మూడుసార్లు. ఇప్పుడు సూది మీద 7 లూపులుంటాయి. ఎడమచేతి బొటనవేలితో వాటి మొదలు పట్టుకుని, దారం చుట్టి ఏడింట్లోంచీ ఒకేసారి లాగండి. వెంటనే ఒక గొలుసు బిగించి వేస్తే మొగ్గ మూసుకుంటుంది. అదొక మొగ్గ. మళ్లీ 3 గొలుసులు, సూది నుంచి మూడో గొలుసులో ఇంకో మొగ్గ.

మొగ్గలన్నీ గొలుసుకు ఒకే పక్కన పడతాయి. అందుకే ఒక్క పేట పల్చగా కనిపిస్తుంది. ఒకే కొలత పేటలు రెండు అల్లి, గొలుసు వైపులు తాకేలా వీపుకు వీపు పెట్టి, తెల్ల కుట్టుదారంతో రెండు మొగ్గలకోసారి టాకా వేయండి. అప్పుడు అసలు మల్లెదండలా రెండు పక్కలా మొగ్గలు కనిపిస్తాయి. 30 సెం.మీ. దండకు పేటకు 30 చొప్పున 60 మొగ్గలు, 15 మీటర్ల దారం. మధ్యమధ్య కనకాంబరం రంగు కావాలంటే పదో మొగ్గ మూసే గొలుసు దగ్గర రంగు మార్చాలి. మొగ్గ మధ్యలో మారిస్తే సగం తెలుపు సగం నారింజ మొగ్గ వస్తుంది.

లూపులు ఒక్కోటి ఒక్కో ఎత్తులో సాగితే మొగ్గ వంకరగా వస్తుంది. ఐస్ పుల్లను సెంటీమీటరు వెడల్పుకు చూసుకుని సూది పక్కన పట్టుకుని, లూపులన్నీ దాని అంచుదాకా లాగితే మొదటి దండకే మొగ్గలన్నీ ఒకేలా వస్తాయి. ఏడు లూపుల్లోంచి సూది రాకుండా చిక్కుకుంటే మొన కిందికి తిప్పి, లూపులను ఒక్కొక్కటిగా దాటించండి. బలంగా లాగితే దారం పోగు విడిపోతుంది.

కొబ్బరినూనె తగిలి దండ పసుపెక్కుతుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో కొంచెం డిటర్జెంటు వేసి పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో అద్ది, నీడలో పరిచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగి 30 సెం.మీ. దండ 35 అవుతుంది.

రబ్బరు బ్యాండు

ఇది త్వరగా అయ్యే పని, అయితే ఒక్క చోట అందరూ తప్పు చేస్తారు. జుట్టుకు పెట్టే మామూలు రబ్బరు బ్యాండు చుట్టుకొలత 15 సెం.మీ. దాన్ని కప్పడానికి 40 సింగిల్స్ చాలు. కానీ పెట్టుకునేటప్పుడు అది దాదాపు రెట్టింపు సాగాలి, కాటన్ సాగదు. 40 కుట్లతో అల్లినవాళ్ల బ్యాండు జడకు ఒక్క చుట్టే వస్తుంది, బలంగా లాగితే దారం తెగుతుంది. కాబట్టి బ్యాండు మీదే నేరుగా 72 సింగిల్స్ కుక్కినట్టుగా అల్లండి, వెనక్కి వెనక్కి జరుపుకుంటూ. చివర స్లిప్‌తో కలిపి, 3 గొలుసులు వేసి, రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ 2 డబుల్స్ వేస్తే కుచ్చులు వస్తాయి. ఇంకా నిండుగా కావాలంటే మూడేసి. అల్లడానికి ముందు బ్యాండును పూర్తిగా సాగదీసి చూడండి, అతుకు ఊడే రకమైతే మీ కష్టమంతా వృథా.

చెవి కమ్మలు

25 మి.మీ. లోహపు రింగు, 20 నంబరు దారం, 1.25 సూది. రింగు చుట్టూ 48 సింగిల్స్. తక్కువైతే లోహం కనిపిస్తుంది, ఎక్కువైతే రింగు మెలిపడుతుంది. స్లిప్‌తో కలిపాక అంచు చుట్టు: 1 సింగిల్, 2 కుట్లు వదిలి తర్వాతి కుట్టులో 5 డబుల్స్, 2 కుట్లు వదలాలి. ఇలా 8 సార్లు. ఆరేసి కుట్ల లెక్క కాబట్టి 48కి సరిగ్గా 8 రేకులు వస్తాయి. రింగు కొలత మారితే కూడా మొదటి చుట్టు కుట్లు ఆరుతో భాగించబడేలా చూసుకుంటే చాలు.

తర్వాత గట్టిపరచడం. ఇంట్లో పెద్దవాళ్లు గంజి పెట్టమంటారు, చీరలకు అది బాగానే ఉంటుంది. కమ్మలకు గంజిగానీ పంచదార పాకంగానీ మన ఊళ్లో నిలవదు. తేమకు మెత్తబడి రేకులు వేలాడతాయి, పైగా చీమలు, బొద్దింకలు చేరతాయి. తెల్ల ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి కమ్మను ముంచి, వేళ్లతో పిండి, మైనపు కాగితం మీద పరిచి ప్రతి రేకునూ గుండుసూదితో సాగదీసి పెట్టండి. తుప్పు పట్టని గుండుసూదులే వాడాలి, ఆరడానికి పట్టే సమయంలోనే మామూలువి మరక వేసేస్తాయి. ఎండాకాలంలో ఆరు గంటల్లో ఆరుతుంది. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో రెండు రోజులైనా పట్టొచ్చు, ఫ్యాను కింద పెట్టండి. తడితడిగా ఉండగా తీస్తే రేకులు ముడుచుకుపోతాయి. ఫెవికాల్ తడికి మళ్లీ మెత్తబడుతుంది, అందుకని ఈ కమ్మలు ఉతికేవి కావు, స్నానానికి ముందు తీసేవి.

చెవికి తగిలించే కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. ఇత్తడివి, చవక పూతవి బీచ్ రోడ్డు గాలికి త్వరగా నల్లబడతాయి, చెవికీ పడవు.

పసిపిల్లలు, అమ్మకం

మూడేళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మకు పూసలు, గుండీలు, ప్లాస్టిక్ కళ్లు పెట్టకండి. కళ్లు, పూలు దారంతోనే కుట్టాలి. బొమ్మల భద్రతా పరీక్షల్లో 31.7 మి.మీ. వ్యాసమున్న ఒక గొట్టం వాడతారు, అందులో పట్టిన ప్రతిదాన్నీ గొంతుకు అడ్డంపడే వస్తువుగానే లెక్కిస్తారు. బొమ్మకు కట్టిన తాడు, దండ 22 సెం.మీ. దాటకూడదు. ఇక్కడ చెప్పిన మల్లెదండ ఆ కొలతకు మించింది కాబట్టి అది కొలువు మెట్ల మీదే ఉండాలి, ఉయ్యాలలో కాదు.

అమ్మాలనుకుంటే ఇంకో సంగతి. బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేస్తూ 2020లో కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. హస్తకళల అభివృద్ధి కమిషనరు దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. పది ముక్కలు చుట్టుపక్కలవాళ్లకు ఇవ్వడం వేరు, అమ్మకానికి పెట్టడం వేరు. రెండో దారి పడితే ముందు ఆ నమోదు చేయించుకోండి.

అల్లిన వస్తువులను ప్లాస్టిక్ కవరులో మూటకట్టకండి. లోపల తేమ చేరి వానాకాలంలో బూజు వాసన వస్తుంది, తెలుపు మీద చుక్కలు పడతాయి. పాత కాటన్ గుడ్డలో చుట్టి, రెండు వేపాకులు వేసి, బీరువా పై అరలో పెట్టండి. నెలకోసారి మధ్యాహ్నం గదిలో ఆరబోస్తే సంక్రాంతికి తీసినప్పుడు టోపీలు అల్లిన రోజులాగే ఉంటాయి.